గర్భంతో ఉన్నప్పుడు జననాంగ పులిపిర్లు: ఫ్రీజింగ్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 26 ఏళ్లు. మాది కరీంనగర్ దగ్గర ఒక ఊరు. పెళ్లై మూడేళ్లయింది. మా ఆయన దుబాయ్‌లో పని చేస్తారు. సెలవు మీద వచ్చి నాలుగు నెలల కింద తిరిగి వెళ్లారు. ఇప్పుడు నాకు అయిదో నెల. మూడో నెలలో జననాంగం దగ్గర రెండు మూడు చిన్న పొక్కుల్లాంటివి కనిపించాయి. చూస్తుండగానే గుత్తులుగా పెరిగాయి. కరీంనగర్‌లో చర్మం డాక్టర్‌కు చూపిస్తే హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే పులిపిర్లని చెప్పి, పొగలు వచ్చే చల్లటి మందుతో ఫ్రీజింగ్ చేశారు. బాగా మండింది. మర్నాటికి నీటి బొబ్బ లేచింది. కొన్ని రాలిపోయాయి గానీ పక్కనే ఇంకో రెండు కొత్తవి వచ్చాయి. మళ్లీ రమ్మన్నారు. ఆ చలి కడుపులో బిడ్డకు తగులుతుందేమోనని వెళ్లలేదు. మా అత్తమ్మకు పులిపిర్లని మాత్రమే చెప్పాను. సున్నం పెడితే పోతాయంటోంది. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబితే నన్ను అనుమానిస్తారేమోనని భయం. నాకేమో ఆయన మీదే అనుమానం వస్తోంది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. బిడ్డకు అంటుకుంటుందా? ఆపరేషన్ తప్పదా? ఇది క్యాన్సర్ అవుతుందా?

జవాబు: అమ్మా, ముందు బిడ్డ సంగతి చెప్పేస్తాను, మిగతాది నిదానంగా చదువుకోవచ్చు. ఫ్రీజింగ్ చలి మీ కడుపులో బిడ్డను చేరదు. గర్భిణులకు ఈ పులిపిర్లు వచ్చినప్పుడు మేం ముందుగా ఎంచుకునే చికిత్సల్లో ఇదొకటి. మీ డాక్టర్ గారు సరైన పనే చేశారు. రెండో విడతకు వెళ్లండి.

ఆ పొగలు వచ్చే మందు పేరు లిక్విడ్ నైట్రోజన్. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. దాన్నే విపరీతంగా చల్లబరిచి ద్రవంగా మారిస్తే మైనస్ 196 డిగ్రీల చలితో ఉంటుంది. పశువులకు కృత్రిమ గర్భధారణ చేయడానికి మీ ఊరికి వచ్చే గోపాలమిత్ర దగ్గర, మూత తీయగానే తెల్లగా పొగలు కక్కే డబ్బాను చూసే ఉంటారు. అందులో ఉండేదీ ఇదే. చర్మానికి తగిలిన క్షణంలో తన చలి అక్కడ దించి, ఆవిరై గాలిలో కలిసిపోతుంది. రక్తంలోకి వెళ్లే మందంటూ ఏమీ ఉండదు. చలి దిగేది కూడా పులిపిరి కింద కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకే. బిడ్డ గర్భసంచిలో, ఉమ్మనీటి మధ్య, మీ ఒంటి వెచ్చదనంలో ఉంది. అక్కడి దాకా ఈ చలి పోవడానికి దారే లేదు.

పులిపిరి మీద ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి, తెలిస్తే రెండోసారి టెన్షన్ తగ్గుతుంది. సన్నటి స్ప్రేతో గానీ, దూది చుట్టిన పుల్లతో గానీ మందును పులిపిరికి తగిలిస్తారు. అది తెల్లగా గడ్డకడుతుంది. చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల అంచు కూడా తెల్లబడే దాకా ఉంచుతారు. పులిపిరి సైజును బట్టి 10 నుంచి 30 సెకన్లు పడుతుంది. తర్వాత దాన్ని దానంతటదే కరగనిచ్చి, అవసరమనుకుంటే ఇంకోసారి గడ్డకట్టిస్తారు. కణాల్లోని నీళ్లు మంచుముక్కలుగా మారినప్పుడు కణం పొర చిట్లుతుంది. కరిగేటప్పుడు మరింత దెబ్బతింటుంది. పులిపిరికి రక్తం తెచ్చే సన్నటి నాళాలు కూడా మూసుకుపోతాయి. అందుకే అది అప్పటికప్పుడు పోదు. ముందు ఎర్రబడి వాస్తుంది, బొబ్బ లేస్తుంది, నల్లటి పెచ్చు కడుతుంది, తర్వాత రాలుతుంది. వారం నుంచి రెండు వారాల్లో మానుతుంది. మీకు వచ్చిన బొబ్బ చికిత్స పనిచేస్తోందనడానికి గుర్తు. ఏదో వికటించి వచ్చింది కాదు.

మండటం మాత్రం నిజమే. ఆ చోట నరాలు ఎక్కువ, కాబట్టి చేతి మీద పులిపిరికి చేసినప్పటి కన్నా ఎక్కువ నొప్పి ఉంటుంది. ఓర్చుకోమని మీకు చెప్పను. ఈసారి వెళ్లినప్పుడు ముందుగా మత్తు క్రీము రాయమని అడగండి. గర్భంలో కూడా డాక్టర్ చేతుల మీదుగా తగిన మోతాదులో వాడుకోవచ్చు. పులిపిర్లు చాలా ఉంటే అన్నీ ఒకే రోజు చేయకుండా విడతలుగా చేయమని అడిగే హక్కు కూడా మీకుంది. ఇంటికి వచ్చాక నొప్పిగా ఉంటే పారాసిటమాల్ వేసుకోవచ్చు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు మాత్రం గర్భంలో మీ అంతట మీరు వేసుకోకండి. అయిదో నెల దాటాక అవి బిడ్డ మూత్రపిండాలకు, ఉమ్మనీటికి ఇబ్బంది తెస్తాయి.

బొబ్బను గుచ్చకండి. మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దుకోండి. రోజుకు రెండుసార్లు గోరువెచ్చటి ఉప్పునీళ్ల టబ్బులో పది నిమిషాలు కూర్చుంటే హాయిగా ఉంటుంది. పైన పలుచగా వాసెలిన్ రాసుకోవచ్చు. వదులైన కాటన్ లోదుస్తులు వేసుకోండి. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉంటే ఆ సమయంలోనే మగ్గుతో నీళ్లు పోసుకోండి, మంట తెలియదు. డెటాల్ వద్దు, పసుపు ముద్ద వద్దు. పులిపిర్లు ఉన్నన్నాళ్లూ అక్కడ బ్లేడు పెట్టి షేవింగ్ చేసుకోవద్దు. గీతలు పడ్డ చోటల్లా కొత్తవి లేస్తాయి. చీము పట్టినా, జ్వరం వచ్చినా, వాపుతో మూత్రం ఆగిపోయినా, రక్తం ఆగకపోయినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మానిన చోట తెల్లటి మచ్చ పడొచ్చు. దీని గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, చూసి బొల్లి అనుకుని భయపడతారు. చర్మానికి రంగునిచ్చే కణాలు మైనస్ 5 డిగ్రీల దగ్గరే చచ్చిపోతాయి. మామూలు చర్మకణాలు చావాలంటే మైనస్ 20 దాటాలి. అందుకే పులిపిరి పోయేంత చలి పెట్టినప్పుడు రంగు కూడా పోతుంది. చాలామందికి నెలలు గడిచే కొద్దీ రంగు తిరిగి వస్తుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. చర్మానికి బలాన్నిచ్చే పీచు మాత్రం చలికి అంత తేలిగ్గా లొంగదు, కాబట్టి గట్టి మచ్చలు, ముడుచుకుపోవడాలు అరుదు. ప్రసవానికి ఆ చోటు సాగాల్సి ఉంటుంది గనక ఇది మీకు పనికొచ్చే విషయం.

ఇక కొత్తగా వచ్చిన ఆ రెండు. ఫ్రీజింగ్ కంటికి కనిపించే పులిపిరిని తీసేస్తుంది. చుట్టూ మామూలుగా కనిపించే చర్మంలో దాగిన వైరస్‌ను తీయలేదు. ఫ్రీజింగే కాదు, లేజర్, కరెంటుతో కాల్చడం, కత్తిరించి తీయడం, ఆసిడ్ పూయడం, ఏదీ తీయలేదు. కాబట్టి పక్కన కొత్తవి రావడం మామూలే. వారానికో, రెండు వారాలకో ఒకసారి చొప్పున కొన్ని విడతలు పడుతుంది. పూర్తిగా పోయిన తర్వాత కూడా నలుగురిలో ఒకరికి, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ మందికి మళ్లీ వస్తాయి. అవి వచ్చేది ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. నాలుగు నుంచి ఆరు విడతలు చేసినా తేడా కనిపించకపోతే అప్పుడు పద్ధతి మార్చాలి, రోగ నిర్ధారణ సరైనదేనా అని కూడా మళ్లీ చూడాలి. ఒక్క విడతతో విసిగి డాక్టర్‌ను మార్చేయడం వల్ల మీకు డబ్బులు పోవడం తప్ప లాభం లేదు.

గర్భం సంగతి కూడా ఇందులో కలుస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డను ఒంట్లో నిలుపుకోవడానికి రోగనిరోధక వ్యవస్థ కొంత తగ్గి నడుచుకుంటుంది, ఆ భాగానికి రక్తప్రసరణ పెరుగుతుంది. దాంతో పులిపిర్లు మామూలు కన్నా వేగంగా, పెద్దగా పెరుగుతాయి. మీకు మూడో నెలలో కనిపించి అయిదో నెలకు గుత్తులైంది ఇందుకే. దీనికి రెండో వైపు కూడా ఉంది: కాన్పు తర్వాత ఇవి చాలామందిలో చిన్నబడతాయి, కొందరిలో వాటంతటవే పోతాయి. అందుకే చిన్నగా ఉండి ఇబ్బంది లేకపోతే కాన్పు దాకా ఆగుదామని కూడా కొందరు డాక్టర్లు అంటారు. మీవి పెరుగుతున్నాయి కాబట్టి ఇప్పుడే తగ్గించుకోవడం మేలని నా అభిప్రాయం. ఎనిమిదో నెలలో కూర్చోవడం, శుభ్రం చేసుకోవడమే కష్టంగా ఉంటుంది, అప్పటికి గుత్తులు పెద్దవై ఉంటే ఇంకా అవస్థ.

అత్తమ్మ చెప్పిన సున్నం దగ్గరికి వద్దాం. ఆవిడ మీ మేలు కోరే చెప్పి ఉంటారు. మెడ మీద, చేతి మీద పులిపిరికి సున్నం, చాకలిసోడా పెట్టడం, వెంట్రుక కట్టి బిగించడం, జిల్లేడు పాలు పూయడం, నల్లజీడితో కాల్చడం మన ఊళ్లలో తరతరాలుగా ఉంది. కానీ సున్నం గాఢమైన క్షారం. అది పులిపిరిని, మంచి చర్మాన్ని వేరుచేసి చూడదు. మెడ మీద తోలు కాస్త మందం, అయినా అక్కడ కూడా పుండు పడుతుంది. జననాంగం దగ్గర పొర చాలా పలుచన, ఎప్పుడూ తడిగా ఉంటుంది. క్షారం ఆ తడిలో కరిగి లోపలికి దిగుతూనే ఉంటుంది. తేలేది మానని పుండు, చీము, కాన్పులో చిరిగే గట్టి మచ్చ. అక్కడ సున్నం, జిల్లేడు, జీడి ఏదీ తాకించకండి. అత్తమ్మతో ‘డాక్టర్ మందు పెట్టారు, దాని మీద ఇంకేదీ పూయొద్దన్నారు’ అంటే చాలు, వాదన అక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో దొరికే పులిపిరి స్ప్రేలూ అంతే. అవి అరిచేతుల, పాదాల పులిపిర్ల కోసం చేసినవి. జననాంగం మీద వాడకూడదని వాటి డబ్బా మీదే రాసి ఉంటుంది. గర్భంలో అసలు తాకకూడని మందులు కొన్ని ఉన్నాయి, ఎవరైనా పాత చీటీ చూపించి ‘మా బంధువుకు దీంతో పోయింది’ అంటే ఈ పేర్లు గుర్తుంచుకోండి: పోడోఫిల్లిన్, పోడోఫిల్లోటాక్సిన్, 5-ఫ్లోరోయురాసిల్. ఇవి బిడ్డకు హాని చేసేవి. ఇమిక్విమాడ్ క్రీము కూడా గర్భంలో మామూలుగా వాడం. ఫ్రీజింగ్ కుదరకపోతే ట్రైక్లోరోఅసిటిక్ ఆసిడ్ ఉంది, డాక్టర్లు టీసీఏ అంటారు. దాన్ని క్లినిక్‌లో డాక్టరే పూస్తే గర్భిణికి ఇబ్బంది లేదు. దురదకు మెడికల్ షాపులో ఇచ్చే, మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు కూడా వద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు దురద తగ్గించి, ఆ తర్వాత పులిపిర్లను ఇంకా పెంచుతుంది.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని అసలు విషయం. ఎవరి నుంచి వచ్చింది?

అమ్మా, ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఏ డాక్టరూ జవాబు చెప్పలేరు, ఏ పరీక్షా తేల్చలేదు. ఈ పులిపిర్లలో దాదాపు 90 శాతం హెచ్‌పీవీ 6, 11 రకాల వల్ల వస్తాయి. చర్మానికి చర్మం తగలడంతో, ఎక్కువగా కలయికలో అంటుకుంటుంది. అంటుకున్నాక పులిపిరి పైకి రావడానికి కొందరికి మూడు వారాలు, ఎక్కువమందికి కొన్ని నెలలు, కొందరికి ఏడాది దాటి కూడా పడుతుంది. అంతకాలం ఆ మనిషికి ఏ గుర్తూ ఉండదు. చాలామందికి జన్మలో ఒక్క పులిపిరి కూడా రాకుండానే వైరస్ వచ్చి, ఏడాది రెండేళ్లలో దానంతటదే అణగిపోతుంది. అణగినది గర్భం లాంటి సమయంలో మళ్లీ తల ఎత్తొచ్చు. ఇది ఎప్పుడు ఒంట్లో చేరిందో చెప్పే రక్తపరీక్ష లేదు. మగవాళ్లలో ఈ వైరస్‌ను వెతకడానికి మామూలుగా వాడే పరీక్షే లేదు. మీ ఇద్దరిలో ఎవరికి ముందు వచ్చిందో, పెళ్లికి ముందా తర్వాతా, అది మీ ఒంట్లో ఎన్నాళ్లుగా నిద్రపోతోందో మీరు ఎంత ఆలోచించినా తేలదు.

ఆయన ఏ తప్పూ చేయలేదని నేను హామీ ఇవ్వలేను, చేశారని కూడా అనలేను. మీ విషయంలో ఆయనా అంతే. ఈ పులిపిర్లు ఎవరి నడతకూ సాక్ష్యం కావు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లలో ఇలాంటిది బయటపడగానే ఇద్దరి మధ్యా వేల మైళ్ల దూరం, దానికి తోడు చుట్టాల మాటలు చేరి, ఒక చర్మవ్యాధి కాపురాన్నే కూల్చేదాకా వెళుతుంది. నాకు ఎంతో బాధ కలిగించే విషయం ఇది. పులిపిరికి మందుంది, ఆ మాటలకు లేదు. మీకు ఆయన మీద వేరే కారణాలతో, కళ్లతో చూసిన సంగతులతో అనుమానం ఉంటే అది వేరే మాట్లాడుకోవాల్సిన విషయం. దానికి ఈ పులిపిర్లను ఆధారంగా పెట్టుకోవద్దు.

అయినా ఆయనకు చెప్పాలి. దాచడం వల్ల రెండు నష్టాలు. తర్వాతి సెలవుకు ఆయన వచ్చేసరికి చికిత్స చీటీలో, ఫోన్‌లో, అత్తమ్మ మాటల్లో ఎలాగూ తెలుస్తుంది. అప్పుడు దాచారన్నదే పెద్ద తప్పుగా నిలబడుతుంది. రెండోది, ఆయన కూడా ఒకసారి చూపించుకోవాలి. ఏమీ కనిపించకపోతే మందు అక్కర్లేదు, పులిపిర్లు ఉంటే చికిత్స చేయించుకోవాలి. మగవాళ్లకు అంగం ముందుభాగం అంచున వరసగా ఉండే ముత్యాల్లాంటి గింజలు యుక్తవయసులో వచ్చే మామూలు నిర్మాణమే, వాటిని చూసి పులిపిర్లనుకుని ఏవేవో పూసుకునేవాళ్లు చాలామంది. కాబట్టి సొంత వైద్యం వద్దని ఆయనకు గట్టిగా చెప్పండి.

ఎలా చెప్పాలో తెలియక ఆగారని అర్థమైంది. మెసేజ్ పెట్టొద్దు, రాతలో మాట కటువుగా పడుతుంది, పైగా ఇంకొకరు చూడొచ్చు. ఆయన డ్యూటీ దిగి, గదిలో ఒక్కరే ఉన్నప్పుడు ఫోన్ చేయండి. ఇలా మొదలుపెట్టొచ్చు: ‘ఏమండీ, మూడో నెల నుంచి నాకు కింద పులిపిర్లు వస్తున్నాయి. చర్మం డాక్టర్‌కు చూపించాను. హెచ్‌పీవీ అనే వైరస్ వల్లట, చాలామందికి ఉంటుందట, ఎప్పటి నుంచి ఉందో ఎవరూ చెప్పలేరట. కడుపుతో ఉన్నాను కాబట్టి పెరిగాయన్నారు. మందు పెడుతున్నారు, బిడ్డకు ఏం కాదన్నారు. మీరు కూడా ఒకసారి చూపించుకోండి. మీతో చెప్పకుండా ఉండలేక చెప్తున్నా.’ ఇంతే. ‘మీ వల్లే వచ్చింది’ అనొద్దు, ‘నా తప్పేమీ లేదు’ అని కూడా మొదలుపెట్టొద్దు. అడగని సంజాయిషీ అనుమానానికి దారి తీస్తుంది. ఆయన కోపంగా మాట్లాడితే ఫోన్ పెట్టేసి, మర్నాడు మీ డాక్టర్ దగ్గరున్నప్పుడు ఆయనతో నేరుగా మాట్లాడించండి. డాక్టర్ నోట వింటే చాలామంది చల్లబడతారు. ఒకవేళ ఇంట్లో బెదిరింపులు, చెయ్యి చేసుకోవడం దాకా వస్తే 181కి ఫోన్ చేయండి, అది మహిళల హెల్ప్‌లైన్.

అత్తమ్మకు గానీ, అక్కకు గానీ ఇంతకన్నా వివరంగా చెప్పాల్సిన పని లేదు. ఇది మీ ఇద్దరి విషయం. మీరు వంట చేస్తే, అదే బాత్రూమ్ వాడితే, ఒకే బావి నీళ్లు తాగితే ఎవరికీ అంటుకోదు. తువ్వాలు, లోదుస్తులు మాత్రం ఎలాగూ విడిగా ఉంచుకోవడం మంచిది. ఆయన వచ్చాక పులిపిర్లు పూర్తిగా మానేదాకా కలయిక ఆపండి, ఆ తర్వాత కొన్నాళ్లు కండోమ్ వాడండి. కండోమ్ కప్పని చోట కూడా వైరస్ ఉండొచ్చు గనక అది పూర్తి రక్షణ కాదు, అయినా బాగా తగ్గిస్తుంది.

బిడ్డకు అంటుకుంటుందా అంటే, అంటుకునే వీలుంది, చాలా అరుదు. కాన్పు దారిలో వైరస్ తగిలి, కొందరు పిల్లల గొంతులో పులిపిర్లు వస్తాయి. ఇలాంటి తల్లులకు పుట్టిన వెయ్యి మంది పిల్లల్లో ఏ కొద్దిమందికో జరిగేది ఇది. దీని కోసమే సిజేరియన్ చేయరు, ఎందుకంటే సిజేరియన్ చేసినా పూర్తిగా ఆపలేమని తేలింది, పైగా ఆపరేషన్ ఇబ్బందులు తల్లికి ఎక్కువ. పులిపిర్లు బాగా పెరిగి కాన్పు దారినే మూసేసినా, ప్రసవంలో ఎక్కువ రక్తస్రావం అయ్యేలా ఉన్నా అప్పుడే ఆపరేషన్ ఆలోచిస్తారు. ఇప్పుడే తగ్గించుకుంటే ఆ పరిస్థితి రాకుండా చూసుకోవచ్చు. కాబట్టి ‘పులిపిర్లున్నాయి, ఆపరేషన్ చేయాల్సిందే’ అని ఎవరైనా అంటే, కాన్పు దారికి అడ్డం ఉన్నాయా అని తిరిగి అడగండి. పుట్టాక మొదటి కొన్నేళ్లలో బిడ్డ ఏడుపు బొంగురుపోయి అలాగే ఉండిపోతే, శ్వాస తీసుకునేటప్పుడు చప్పుడు వస్తే చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపించి, తల్లికి పులిపిర్లు ఉండేవని చెప్పండి. చనుపాలు నిక్షేపంగా ఇవ్వొచ్చు.

మీ కాన్పు డాక్టర్‌కు ఈ విషయం చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. తప్పకుండా చెప్పండి. బయట కనిపించేవే కాకుండా లోపల గోడల మీద, గర్భాశయ ముఖం మీద ఉన్నాయా అని ఆవిడ ఒకసారి చూడాలి. లోపల ఉంటే కూడా నైట్రోజన్ స్ప్రే వాడొచ్చు, అయితే లోహపు మొన పెట్టి గడ్డకట్టించే పరికరం మాత్రం యోని లోపల వాడరు, గోడకు రంధ్రం పడే ప్రమాదం ఉంటుంది. మీ తల్లీబిడ్డల కార్డు తీసి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు జరిగాయా చూసుకోండి. గర్భిణులందరికీ చేసే పరీక్షలే ఇవి, మీ మీద ఎవరి అనుమానమూ కాదు. సిఫిలిస్‌లో కూడా అక్కడే తడిగా, చదునుగా బుడిపెలు వస్తాయి, పులిపిర్లలాగే కనిపిస్తాయి. దానికి మందు పెన్సిలిన్ ఇంజెక్షన్, ఫ్రీజింగ్ కాదు, సమయానికి ఇస్తే బిడ్డను కూడా కాపాడుతుంది. ఆ ఫలితం కార్డులో రాసి లేకపోతే ఈ వారమే చేయించుకోండి.

క్యాన్సర్ భయం వదిలేయండి. హెచ్‌పీవీ కుటుంబంలో రకాలు చాలా ఉన్నాయి. గర్భాశయ ముఖ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం 16, 18 రకాలు. ఆ సంబంధాన్ని కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. పులిపిర్లు తెచ్చే 6, 11 రకాలు క్యాన్సర్ వైపు వెళ్లేవి కావు. అయితే ఒక మనిషిలో రెండు మూడు రకాలు కలిసి ఉండొచ్చు కాబట్టి కాన్పైన మూడు నెలల తర్వాత గైనకాలజిస్టును పాప్ స్మియర్ గురించి, అంటే గర్భాశయ ముఖం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష గురించి అడగండి. 30 దాటాక ఆ పరీక్ష పులిపిర్లు ఉన్నా లేకపోయినా ప్రతి స్త్రీకీ అవసరమే. ఏదైనా పులిపిరి గట్టిపడి, నల్లబడి, పుండై రక్తం కారితే ఫ్రీజింగ్ ఆపి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమని అడగాలి.

టీకా గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఉన్న పులిపిర్లను టీకా పోగొట్టదు. ఇంకా సోకని రకాల నుంచి మాత్రం కాపాడుతుంది. గర్భంలో వేయరు, కాన్పు తర్వాత పాలిస్తూ వేయించుకోవచ్చు. పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్‌కు మన దేశంలో 2022లో అనుమతి వచ్చింది, అందులో 6, 11, 16, 18 నాలుగు రకాలకూ రక్షణ ఉంది. అది 9 నుంచి 26 ఏళ్ల వాళ్లకు. మీది సరిగ్గా అంచున ఉన్న వయసు, కాబట్టి కాన్పు తర్వాత ఏ టీకా వీలవుతుందో అప్పుడే డాక్టర్‌ను అడగండి. రేపు పుట్టేది ఆడపిల్లైనా మగపిల్లాడైనా 9 ఏళ్లు నిండాక ఈ టీకా వేయించాలి. ఆస్ట్రేలియాలో 2007 నుంచి బడిలోనే ఆడపిల్లలకు వేయడం మొదలుపెట్టాక, ఆ వయసు అమ్మాయిల్లో జననాంగ పులిపిర్లు దాదాపు కనిపించకుండా పోయాయి.

ప్రైవేటులో ప్రతి విడతకూ డబ్బు కట్టడం కష్టమైతే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి వెళ్లండి. వరంగల్ ఎంజీఎంలో, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల విభాగాలు ఉన్నాయి. ఆ బోర్డు మీద సుఖవ్యాధులు అని చూసి సిగ్గుపడి వెనక్కి రావద్దు, మన దేశంలో చర్మం డాక్టర్ల చదువులోనే ఆ రెండూ కలిసి ఉంటాయి, అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది తామరకూ మొటిమలకూ వచ్చినవాళ్లే. నైట్రోజన్ నిల్వ ఉంచితే ఆవిరైపోతుంది, ఎప్పటికప్పుడు తెప్పించాలి. కాబట్టి బస్సెక్కే ముందు, ఫ్రీజింగ్ ఏ రోజుల్లో చేస్తారో ఎవరితోనైనా కనుక్కోండి. పేరు చెప్పకుండా మాట్లాడాలనిపిస్తే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే 1097 నంబర్ ఉంది. ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, సుఖవ్యాధుల గురించి ఏదైనా అడగొచ్చు. మీ ఆయనతో మాట్లాడే ముందు ఒకసారి వాళ్లతో మాట్లాడి చూడండి, మాటలు కూడగట్టుకోవడానికి పనికొస్తుంది.